ఎల్‌డ్యాప్ క్లయింట్ లైబ్రరీ: సర్వర్ ఇచ్చే జవాబును ప్రోగ్రాం ఎలా చదవాలి

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో వేలమంది విద్యార్థులు చదివే విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు, ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. అంత పెద్ద సంస్థలో హాజరుకు ఒక పాస్‌వర్డ్, గ్రంథాలయానికి మరొకటి, వైఫైకి ఇంకొకటి, పరీక్షల విభాగం పోర్టల్‌కు వేరొకటి పెడితే వాడేవారికీ నడిపేవారికీ చిక్కే. అందుకని మనుషుల పేర్లు, ఈమెయిళ్లు, విభాగాలు, పాస్‌వర్డులు ఒక్కచోట ఉంచే డైరెక్టరీ సర్వర్‌ను నెలకొల్పి, మిగిలిన అప్లికేషన్లన్నీ దాన్నే అడిగేలా ఏర్పాటు చేస్తారు. ఆ సర్వర్ విండోస్‌లోని యాక్టివ్ డైరెక్టరీ కావచ్చు, లినక్స్ మీద నడిచే ఓపెన్‌ఎల్‌డ్యాప్ కావచ్చు. రెండింటితోనూ మాట్లాడే ప్రోటోకాల్ ఎల్‌డ్యాప్. అప్లికేషన్ రాసేవారు ఆ ప్రోటోకాల్‌ను నేరుగా తాకరు, ఒక క్లయింట్ లైబ్రరీలోని ఫంక్షన్లను పిలుస్తారు.

పిలవవలసిన ఫంక్షన్లు చాలా కొద్ది. సర్వర్ చిరునామా ఇచ్చి ఒక హ్యాండిల్ (తరువాతి పిలుపులన్నిటికీ ఇవ్వవలసిన గుర్తు) తెచ్చుకోవాలి, ఎవరమో చెప్పి బైండ్ చేయాలి, వెతకాలి, పని అయ్యాక కనెక్షన్ వదిలేయాలి. పది పదిహేను వరుసల కోడ్‌తో లాగిన్ పేజీ పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ తేలికను చూసి అంతటితో పని అయిపోయిందనుకుంటే ఇబ్బంది. లైబ్రరీ అభ్యర్థనను బీఈఆర్ పద్ధతిలో బైట్లుగా కూర్చి పంపుతుంది, వచ్చిన జవాబును విప్పి చేతికిస్తుంది. ఆ జవాబుకు అర్థం ఏమిటో, దాన్ని నమ్మి ముందుకు పోవచ్చో లేదో తేల్చే బాధ్యతను మాత్రం ప్రోగ్రాంకే వదిలేస్తుంది. డైరెక్టరీతో ముడిపడిన అప్లికేషన్లలో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. విజయం అని వచ్చిన జవాబు కొన్నిసార్లు లాగిన్ విజయం కాదు, లోపం అని వచ్చిన జవాబులో కొన్నిసార్లు సగం ఫలితాలు ఉంటాయి.

ఏ భాషలో చూసినా ఈ ఫంక్షన్లు ఒకే పోలికతో ఉండడానికి కారణం వాటి పుట్టుకలో ఉంది. 1988లో వెలువడిన ఎక్స్.500 ప్రమాణాలు ప్రపంచమంతటికీ పనికివచ్చే డైరెక్టరీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందులోని డీఏపీ అనే ప్రోటోకాల్‌కు ఓఎస్ఐ నెట్‌వర్క్ పొరలన్నీ కావాలి, అప్పటి డెస్క్‌టాప్ యంత్రాలకు అది మోయలేని బరువు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్, ఆయనతో పనిచేసినవారు టీసీపీ మీద నేరుగా నడిచే తేలికపాటి రూపాన్ని తయారుచేయగా, అది ఆర్ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో 1993లో ఆర్ఎఫ్‌సీ 1487గా అచ్చయింది. 1995లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1823 సీ భాషలో ఈ ఫంక్షన్లు ఎలా ఉండాలో వివరించింది. 1997లో మూడో వెర్షన్ వచ్చింది, 2006లో ఆ ప్రమాణాలన్నిటినీ 4510 నుంచి 4519 వరకు గల ఆర్ఎఫ్‌సీలుగా తిరగరాశారు. విచిత్రమేమంటే మూడో వెర్షన్‌కు తగినట్టు రాసిన సీ ఫంక్షన్ల ముసాయిదా ఎన్నడూ ఆర్ఎఫ్‌సీ కాలేదు. ఓపెన్‌ఎల్‌డ్యాప్ లైబ్రరీ, విండోస్‌లోని లైబ్రరీ చూపులకు అన్నదమ్ముల్లా ఉండి చిన్న చిన్న విషయాల్లో తేడా చూపడం అందుకే. పీహెచ్‌పీలోని ఎల్‌డ్యాప్ భాగం, పైథాన్‌లోని పైథాన్-ఎల్‌డ్యాప్ రెండూ సాధారణంగా ఓపెన్‌ఎల్‌డ్యాప్ సీ లైబ్రరీ మీదే కూర్చున్నాయి కాబట్టి దాని గుణాలూ దోషాలూ వాటికీ వచ్చాయి. పైథాన్‌లోనే ఉన్న ఎల్‌డ్యాప్3 మాత్రం పూర్తిగా పైథాన్‌లో రాసినది.

మొదటి ఫంక్షన్ దగ్గరే ఒక అపోహ ఉంది. పీహెచ్‌పీలో కనెక్ట్ అనే పేరున్న ఫంక్షన్ పిలిచినప్పుడు నెట్‌వర్క్ మీద ఏమీ జరగదు. చిరునామా రాత సరిగా ఉందో లేదో చూసి హ్యాండిల్ ఇచ్చేస్తుంది, అంతే. సర్వర్ ఆగిపోయి ఉన్నా ఆ పిలుపు విజయవంతమే అవుతుంది. అసలు కనెక్షన్ బైండ్ దగ్గరో, మొదటి వెతుకులాట దగ్గరో ఏర్పడుతుంది. కాబట్టి ఆ ఫంక్షన్ విజయాన్ని చూసి సర్వర్ బాగుందని తెరమీద ఆకుపచ్చ గుర్తు చూపే పర్యవేక్షణ పేజీలు ఏమీ పర్యవేక్షించడం లేదు. ఇక టైమవుట్ సంగతి. ఓపెన్‌ఎల్‌డ్యాప్ లైబ్రరీలో నెట్‌వర్క్ టైమవుట్‌ను ప్రోగ్రాం ప్రత్యేకంగా పెట్టకపోతే లైబ్రరీ తనంతట తాను హద్దు పెట్టుకోదు. అనంతపురం ప్రాంగణంలోని అప్లికేషన్, కర్నూలులో ఉన్న డైరెక్టరీని అద్దె లైను మీద అడుగుతున్నప్పుడు ఆ లైను తెగితే, లినక్స్ సాధారణ అమరికలో ఒక్కో కనెక్షన్ ప్రయత్నం రెండు నిమిషాలకు పైగా వేలాడుతుంది. ఫలితాల రోజు ఒకేసారి వందలమంది లాగిన్ పేజీ తెరిచారంటే వెబ్ సర్వర్‌లో పేజీలు అందించే ప్రాసెస్‌లన్నీ ఆ ఎదురుచూపులోనే చిక్కుకుని, డైరెక్టరీతో సంబంధం లేని పేజీలు కూడా ఆగిపోతాయి. కనెక్షన్‌కు ఒక హద్దు, జవాబుకు ఒక హద్దు, రెండూ సెకన్లలో పెట్టడం తప్పనిసరి. జావాలో డైరెక్టరీలను అడగడానికి వాడే జేఎన్‌డీఐలోనూ జవాబు కోసం ఎంతసేపు చూడాలనే హద్దు ప్రోగ్రామే పెట్టాలి.

బైండ్ దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు అక్కడే దాగి ఉంది. వాడుకలో ఉన్న పద్ధతి ఇది: అప్లికేషన్ తన సొంత ఖాతాతో బైండ్ చేసి, లాగిన్ పేరును బట్టి మనిషి ఎంట్రీని వెతికి, దాని డీఎన్ (చెట్టులా అల్లిన డైరెక్టరీలో ఆ ఎంట్రీ పూర్తి చిరునామా) పట్టుకుని, ఆ డీఎన్‌తోనూ వినియోగదారు టైప్ చేసిన పాస్‌వర్డ్‌తోనూ మరోసారి బైండ్ చేస్తుంది. రెండో బైండ్‌కు విజయాన్ని తెలిపే సున్నా కోడ్ వస్తే లాగిన్ అయినట్టు లెక్క. పాస్‌వర్డ్ పెట్టెను ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది? డీఎన్ ఉండి పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న బైండ్‌ను ఆర్ఎఫ్‌సీ 4513 ధ్రువీకరణ లేని బైండ్‌గా పేర్కొంటుంది. దాన్ని అంగీకరించే సర్వర్ ఆ కనెక్షన్‌ను అజ్ఞాత వ్యక్తిదిగా భావించి, అడిగిన పని జరిగింది కనుక సున్నా కోడ్ పంపుతుంది. సర్వర్ దృష్టిలో అబద్ధమేమీ లేదు. ఎవరినీ ధ్రువీకరించలేదని దానికి తెలుసు. ఆ సున్నాను చూసి తలుపు తీసేది అప్లికేషన్. యాక్టివ్ డైరెక్టరీ చాలాకాలం ఇలాంటి బైండ్‌ను ఆపే వీలే ఇవ్వలేదు, విండోస్ సర్వర్ 2019 నుంచి దాన్ని నిషేధించే అమరిక వచ్చింది. ఓపెన్‌ఎల్‌డ్యాప్ మామూలు అమరికలో 53 కోడ్‌తో తిరస్కరిస్తుంది. సర్వర్ మీద భారం వేయకుండా, బైండ్ పిలవకముందే ఖాళీ పాస్‌వర్డ్‌ను తోసిపుచ్చాలని ఆ ఆర్ఎఫ్‌సీయే క్లయింట్లకు చెబుతోంది. ఒక్క వరుస కోడ్‌తో పోయే ముప్పు ఇది. అయినా ఓపెన్‌ఎల్‌డ్యాప్‌తో పరీక్షించి యాక్టివ్ డైరెక్టరీ ముందు నిలబెట్టిన అప్లికేషన్లలో ఆ ఒక్క వరుస లేకపోయే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే పరీక్షలో అది ఎప్పుడూ బయటపడదు.

బైండ్ అనేది ప్రశ్నలా కనిపించినా నిజానికి అది కనెక్షన్ స్థితిని మార్చే ఆజ్ఞ. ఒక కనెక్షన్ మీద విద్యార్థి పేరుతో బైండ్ చేశాక, దాని మీద ఆపైన వెళ్లే వెతుకులాటలన్నీ ఆ విద్యార్థి హక్కులతోనే జరుగుతాయి; బైండ్ విఫలమైతే కనెక్షన్ అజ్ఞాత స్థితికి పోతుంది. కనెక్షన్లను తెరిచే ఉంచి (కనెక్షన్ పూల్) అభ్యర్థనల మధ్య పంచుకునే అప్లికేషన్‌లో దీన్ని మరిచిపోతే, సొంత ఖాతాతో వెతకవలసిన తరువాతి అభ్యర్థన వేరొకరి హక్కులతో వెళ్లి, ఉన్న ఎంట్రీని లేదని చెబుతుంది. ఆ లోపం రద్దీ ఉన్నప్పుడే కనిపించి, రద్దీ తగ్గగానే మాయమవుతుంది. పాస్‌వర్డ్ పరీక్షించడానికి విడి కనెక్షన్ వాడడమే మేలు.

బైండ్‌కు వచ్చే 49 కోడ్‌ను అందరూ పాస్‌వర్డ్ తప్పు అని అనువదించుకుంటారు. యాక్టివ్ డైరెక్టరీ అదే 49 వెంట పంపే సందేశంలో ఉపకోడ్ ఉంటుంది: 532 అయితే పాస్‌వర్డ్ గడువు తీరింది, 533 అయితే ఖాతాను నిలిపివేశారు, 773 అయితే పాస్‌వర్డ్ మార్చుకోవాలి, 775 అయితే ఖాతాకు తాళం పడింది. గడువు తీరిన పాస్‌వర్డ్‌ను సరిగ్గానే టైప్ చేస్తున్న అధ్యాపకురాలికి తప్పు అని మాత్రమే చూపితే ఆమె మళ్లీ మళ్లీ అదే కొడుతూ ఉంటారు. లైబ్రరీ ఆ సందేశాన్ని తెచ్చి ఇస్తుంది. దాన్ని విప్పి చూడడం అప్లికేషన్ పని.

పాస్‌వర్డ్ తీగ మీద బయటికి కనిపించకుండా ఉండాలంటే 636 పోర్ట్ మీద నేరుగా టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వాడాలి, లేదా 389 పోర్ట్ మీద బైండ్ కంటే ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ అడగాలి. ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే అభ్యర్థన విఫలమైనా పట్టించుకోకుండా బైండ్‌కు పోయే కోడ్, పాస్‌వర్డ్‌ను బట్టబయలుగా పంపుతుంది. కళాశాల సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ను లైబ్రరీ నమ్మనప్పుడు, సర్టిఫికెట్ తనిఖీనే ఆపేయమని సలహా ఇచ్చేవారు కొల్లలు. ఆ సలహా పాటించిన అప్లికేషన్, డైరెక్టరీనని చెప్పుకుంటూ దారిలో నిలబడిన ఏ యంత్రానికైనా పాస్‌వర్డులు అప్పగిస్తుంది. సంస్థ సర్టిఫికెట్ అధికారి ఫైలును లైబ్రరీకి చూపించడం అంతకంటే పెద్ద పనేమీ కాదు. పైథాన్-ఎల్‌డ్యాప్‌లో ఒక మెలిక మాత్రం ఉంది: ఒక కనెక్షన్‌కే టీఎల్ఎస్ అమరికలు మార్చినప్పుడు, కొత్త టీఎల్ఎస్ సందర్భాన్ని సృష్టించమనే అమరికను చివరగా పెట్టకపోతే ముందు పెట్టినవేవీ అమల్లోకి రావు.

వెతుకులాటకు నాలుగు ఇవ్వాలి: చెట్టులో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఎంత లోతుకు వెళ్లాలి, ఏ షరతు, ఏ అట్రిబ్యూట్లు (పేరు, ఈమెయిల్ వంటి గడులు) కావాలి. షరతును చెప్పే ఫిల్టర్‌లో బ్రాకెట్లకు, నక్షత్రం గుర్తుకు, వెనుక గీతకు (బ్యాక్‌స్లాష్) ప్రత్యేక అర్థం ఉంది. లాగిన్ పేరు పెట్టెలో ఒక నక్షత్రం కొడితే, దాన్ని అలాగే ఫిల్టర్‌లో అతికించిన ప్రోగ్రాం డైరెక్టరీలోని ప్రతి మనిషినీ అడిగినట్టవుతుంది. వచ్చిన జాబితాలో మొదటి ఎంట్రీని తీసుకుని ముందుకు పోయే కోడ్ అయితే మరీ ఘోరం. సరిగ్గా ఒక్క ఎంట్రీ వస్తేనే అంగీకరించాలి, రెండు వచ్చినా తిరస్కరించాలి. దుర్బుద్ధి లేకుండానే ఈ చిక్కు రావచ్చు. ‘కర్నూలు (అర్బన్)’ అని బ్రాకెట్లతో రాసే మండలం పేరును ఫిల్టర్‌లో నేరుగా పెడితే ఫిల్టర్ నిర్మాణమే చెడిపోయి లైబ్రరీ దాన్ని పంపకుండానే లోపం చూపుతుంది. చాలా లైబ్రరీల్లో ఇలాంటి గుర్తులను పదహారు ఆధార సంఖ్యలుగా మార్చే ఫంక్షన్ ఉంటుంది. ఫిల్టర్‌కు పాటించవలసిన నియమాలు వేరు, డీఎన్‌కు పాటించవలసినవి వేరు. డీఎన్‌లో కామా, ప్లస్ గుర్తు వంటివి ప్రమాదం. పీహెచ్‌పీలో ఏ సందర్భానికో చెప్పకుండా ఆ ఫంక్షన్ పిలిస్తే అది అక్షరాలన్నిటినీ మార్చేస్తుంది, అందుచేత సందర్భం తెలిపే గుర్తును ఇవ్వాలి.

డైరెక్టరీలో మనిషిని వర్ణించే పర్సన్ అనే ఆబ్జెక్ట్ క్లాస్ ప్రకారం పూర్తి పేరు, ఇంటిపేరు రెండూ తప్పక ఉండాలి. పాశ్చాత్యుల పేర్లను దృష్టిలో పెట్టుకున్న ఈ నియమం సీమలో ఆశించినట్టు పనిచేయదు. ఇక్కడ అసలు ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయి ముందు ఉంటుంది, పేరు చివర రెడ్డి అనో, నాయుడు అనో ఉంటుంది. కర్నూలు, కడపల్లో షేక్ అనే మాట ఎందరి పేర్లకో ముందు ఉంటుంది. ప్రవేశ దరఖాస్తుల నుంచి డైరెక్టరీని నింపేవారు ఇంటిపేరు గడిలో ఆ రెడ్డినో షేక్‌నో పెట్టడం సహజం. అప్పుడు ఇంటిపేరు రెడ్డిగా గలవారిని వెతికితే సర్వర్ హద్దు దాటిపోతుంది. ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ మామూలు అమరికలో 500 ఎంట్రీలు, యాక్టివ్ డైరెక్టరీ 1000 ఎంట్రీలు ఇచ్చి, చివర 4 అనే కోడ్ పంపుతాయి. పరిమాణం హద్దు దాటిందని దాని అర్థం. ఎంట్రీలు వచ్చాయి, లోపం కూడా వచ్చింది. కొన్ని లైబ్రరీలు దీన్ని మినహాయింపుగా (ఎక్సెప్షన్) విసిరి వచ్చిన ఎంట్రీలను పక్కన పడేస్తాయి. పీహెచ్‌పీ హెచ్చరిక చూపి, వచ్చినంత జాబితాను చేతికిస్తుంది. ఆ హెచ్చరికను తెరమీద కనిపించకుండా అణచివేసిన సైట్‌లో, జాబితా పూర్తిదే అన్నట్టు కనిపిస్తుంది. ఉపకారవేతనాల జాబితానో, హాస్టల్ గదుల జాబితానో ఇలా తయారైతే ఎవరి పేర్లు జారిపోయాయో చూసేవారికి తెలియదు.

దీనికి విరుగుడు 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2696లో ఉంది. ప్రతి అభ్యర్థనతో పాటు పేజీ పరిమాణం చెబితే సర్వర్ ఆ సంఖ్య మేరకే ఎంట్రీలు ఇచ్చి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టే ఒక కుకీ పంపుతుంది, ఆ కుకీని తరువాతి అభ్యర్థనకు జతచేయాలి, ఖాళీ కుకీ వచ్చినప్పుడు జాబితా ముగిసినట్టు. ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి: ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్ మొత్తం ఎంట్రీల హద్దును పేజీలన్నిటికీ కలిపి లెక్కపెట్టేలా అమర్చి ఉండవచ్చు, అప్పుడు పేజీలుగా అడిగినా 500 దగ్గరే ఆగుతుంది, నిర్వాహకులు ఆ అప్లికేషన్ ఖాతాకు హద్దు పెంచవలసిందే. యాక్టివ్ డైరెక్టరీలో ఇదే బెడద ఒక ఎంట్రీ లోపల కూడా ఉంది. ఒక గ్రూపులో సభ్యులు 1500 దాటితే, సభ్యుల అట్రిబ్యూట్ తన మామూలు పేరుతో ఖాళీగా కనిపించి, పరిధి చేర్చిన వేరే పేరుతో మొదటి 1500 విలువలు వస్తాయి. దాన్ని గమనించని ప్రోగ్రాంకు మొదటి సంవత్సరం విద్యార్థులందరి గ్రూపు ఒక్కరూ లేనిదిగా తోస్తుంది.

డీఎన్‌ను శాశ్వతమైన గుర్తింపుగా భావించి డేటాబేస్‌లో దాచుకునే అలవాటు గురించి రాయలసీమ అనుభవమే చాలినంత చెబుతుంది. మూడు జిల్లాల్లోనూ కార్యాలయాలున్న ఒక సంస్థ తన డైరెక్టరీ చెట్టును జిల్లాలవారీగా కట్టుకుందనుకుందాం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాయి, కడప నుంచి కొంత భాగం అన్నమయ్య జిల్లాలో కలిసింది. కడప పేరే ఆంగ్ల లిపిలో 2005లో మారింది, జిల్లా పేరు 2010లో ఒకసారి, 2025లో మరోసారి మారింది. అలాంటి ప్రతి మార్పుకూ ఎంట్రీలను కొత్త కొమ్మకు జరపాలి. జరపడం ప్రోటోకాల్‌లో ఉన్న పనే, లైబ్రరీలో దానికి ఫంక్షన్ కూడా ఉంది. కానీ పాత డీఎన్‌లను దాచుకున్న ప్రతి అప్లికేషన్‌కూ ఆ మర్నాడు 32 కోడ్, అంటే అలాంటి ఎంట్రీ లేదనే జవాబు, వస్తుంది. ఆ జవాబు చూసి మనిషి ఉద్యోగం మానేశాడని ఖాతా తీసేసే ప్రోగ్రాం చేయగల నష్టం చిన్నది కాదు. ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో ఎంట్రీ యూయూఐడీ, యాక్టివ్ డైరెక్టరీలో ఆబ్జెక్ట్ జీయూఐడీ అనే గుర్తింపు సంఖ్యలు ఎంట్రీ ఎక్కడికి జరిగినా మారవు, దాచుకోవలసినవి అవి. వీటిలో మొదటిది అడిగితేనే వచ్చే రకం, అట్రిబ్యూట్ల జాబితాలో దాని పేరు రాయకపోతే సర్వర్ పంపదు. చెట్టును జిల్లాలవారీగా కట్టకుండా మనుషులందరినీ ఒకే కొమ్మ కింద పెట్టి, జిల్లాను అట్రిబ్యూట్‌గా ఉంచడం ఇంకా మంచిది.

పేర్లను తెలుగు లిపిలో ఉంచాలనుకుంటే ప్రోటోకాల్ నుంచి అడ్డంకి లేదు. మూడో వెర్షన్‌లో వచనమంతా యూటీఎఫ్-8, ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు. ఆర్ఎఫ్‌సీ 3866 ప్రకారం ఒకే పేరును ఆంగ్లంలో ఒకటి, తెలుగు భాషా సంకేతం తగిలించి మరొకటి ఉంచవచ్చు, ఓపెన్‌ఎల్‌డ్యాప్ దీన్ని అంగీకరిస్తుంది. అయితే పేరు అడిగినప్పుడు సర్వర్ రెండింటినీ పంపుతుంది, లైబ్రరీ వాటిని రెండు వేర్వేరు అట్రిబ్యూట్లుగా ఇస్తుంది. ప్రోగ్రాం మామూలు పేరు కోసమే చూస్తే, తెలుగు పేరు మాత్రమే ఉన్నవారు పేరులేనివారిగా కనిపిస్తారు. పైథాన్-ఎల్‌డ్యాప్ విలువలను వచనంగా కాక బైట్లుగా ఇవ్వడం కొత్తవారికి విసుగు తెప్పిస్తుంది గాని, అది సరైన నిర్ణయమే. ఫోటో, పేరు రెండూ ఒకే దారిన వస్తున్నప్పుడు ఏది వచనమో లైబ్రరీ ఊహించడం కంటే ప్రోగ్రాం చెప్పడమే నయం. తెలుగు పేర్లను ఫైలుగా ఎగుమతి చేసినప్పుడు అవి బేస్64 రాతగా కనిపించడం చూసి డేటా చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు, ఎల్‌డీఐఎఫ్ ఫైలు నియమమే అది.

జావా వారికి వేరే హెచ్చరిక అవసరం. జేఎన్‌డీఐ ఎల్‌డ్యాప్‌తో పాటు ఇతర సేవలనూ ఒకే తలుపు గుండా చేరుకునేలా కట్టినది, డైరెక్టరీ నుంచి జావా ఆబ్జెక్టులను సైతం తేగలదు. జావా ప్రోగ్రాంలు లాగ్ రాసుకోవడానికి వాడే లాగ్4జే లైబ్రరీలో 2021 డిసెంబర్‌లో బయటపడిన లోపం ఆ శక్తినే వాడుకుంది: లాగ్ చేసే వచనంలో ఎల్‌డ్యాప్ చిరునామా పెడితే, సర్వర్ ఆ చిరునామాకు వెళ్లి దాడిచేసేవారి కోడ్‌ను తెచ్చుకునేది. మనుషుల వివరాలు వెతకడమే పని అయినచోట, ఎల్‌డ్యాప్ కోసమే రాసిన అన్‌బౌండ్‌ఐడీ వంటి లైబ్రరీ వాడితే ఆ అనవసర శక్తి ఉండదు.

చివరిగా మళ్లీ ప్రయత్నించడం గురించి. సర్వర్ అందుబాటులో లేదని లైబ్రరీ చెప్పినప్పుడు, తీరిక లేదని 51, అందుబాటులో లేనని 52 కోడ్‌లు వచ్చినప్పుడు రెండో సర్వర్‌ను అడగడం న్యాయమే. ఆ లెక్కలో 49ని కూడా కలిపి, ఏ లోపం వచ్చినా మూడుసార్లు ప్రయత్నించే ప్రోగ్రాం, విద్యార్థి ఒక్కసారి తప్పు కొడితే సర్వర్ దగ్గర మూడు తప్పులు రాయిస్తుంది. ఐదు తప్పులకు తాళం వేసే విధానం ఉన్న సంస్థలో రెండో తప్పుకే ఖాతా మూతపడుతుంది. చదవడానికి ఒక సర్వర్, రాయడానికి మరొకటి ఉన్నచోట ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి: పాస్‌వర్డ్ మార్పు ప్రధాన సర్వర్‌కు వెళ్తుంది, నకలు సర్వర్‌కు అది చేరడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. కడప ప్రాంగణంలోని నకలును అడిగే అప్లికేషన్, మార్చుకున్న వెంటనే లాగిన్ అడిగితే కొత్త పాస్‌వర్డ్‌నే తప్పంటుంది. మార్పు చేసిన ఆ సెషన్‌ను కొద్దిసేపు ప్రధాన సర్వర్‌కే కట్టివేయడం, లేదా మార్పు విజయవంతమయ్యాక మళ్లీ లాగిన్ అడగకపోవడం దీనికి చాలు.